కూలిపోకముందే ఒక్క ఫోటో!

ప్రయాణాల్లో ఫోటోలు తీయని కుటుంబం ఈ రోజుల్లో కనిపించదు. ఒకప్పుడు రీలుకు పన్నెండో, ముప్పై ఆరో ఫోటోలు వచ్చేవి. కాబట్టి ప్రతి ఫోటోకూ ముందు లెక్క చూసుకునేవారు. ఇప్పుడు జేబులోని ఫోనే కెమెరా. లెక్క అవసరమే లేదు. చార్మినార్ ముందు నిలబడి ఫోటో దిగని హైదరాబాద్ యాత్రికుడు ఉండడంటే అతిశయోక్తి కాదు.

అయితే పాఠక మిత్రులు ఒక్క విషయం ఆలోచించాలి. చార్మినార్ ఫోటోలు లక్షల్లో దొరుకుతాయి. కానీ చార్మినార్ నీడలో ముప్పై ఏళ్ల క్రితం ఉన్న దుకాణాల వరుస ఫోటో కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? ఆ దుకాణాల మీద చేత్తో రాసిన ఉర్దూ, తెలుగు బోర్డులు ఎలా ఉండేవి? అక్కడ ఆగే టాంగాకు ఎలాంటి గుడ్డ కప్పేవారు? వీటి గురించి అడిగితే పెద్దవాళ్లు చేతులతో గాలిలో గీసి చూపిస్తారు. ఫోటో మాత్రం ఉండదు. ‘రోజూ చూసేదే కదా, దానికి ఫోటో ఎందుకు’ అనుకోవడమే దానికి కారణం.

ఊరి గుర్తులు, పాత వాహనాలు, దారి పక్కన కనిపించే వింతలు ఈ మూడింటినీ ప్రయాణాల్లో ఓపిగ్గా ఫోటో తీసి దాచుకునేవారు కొందరున్నారు. చూసేవారికి అది కాలక్షేపంగా అనిపించవచ్చు. ఆ కట్టడం కూలిన రోజున, ఆ బండి తుక్కుకు పోయిన రోజున అదే ఏకైక సాక్ష్యం అవుతుంది. ఈ వారం ఆ అలవాటు గురించి కొన్ని సంగతులు ముచ్చటించుకుందాం.

చీకటి గది నుంచి మదీనా దాకా

కెమెరా కథలో ఒక ముస్లిం శాస్త్రవేత్త పేరు తప్పకుండా వస్తుంది. పదో శతాబ్దంలో బస్రాలో పుట్టి, కైరోలో జీవితం గడిపిన ఇబ్నుల్ హైసమ్ కాంతి గురించి ‘కితాబుల్ మనాజిర్’ అనే గొప్ప గ్రంథం రాశారు. కాంతి వస్తువు నుంచి కంటికి చేరడం వల్లనే చూపు కలుగుతుందని ఆయన వివరించారు. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వెలుగు వచ్చినప్పుడు బయటి ఆకారం లోపల ఎలా పడుతుందో పరీక్షించి చూశారు. సూర్యగ్రహణం వేళ ఆ రంధ్రం గుండా పడే నెలవంక ఆకారం మీద ప్రత్యేకంగా ఒక రచన చేశారు. నేటి కెమెరా కూడా మూలంలో ఆ చీకటి గదే.

ఆ తర్వాత ఎనిమిది శతాబ్దాలకు పైగా గడిచాక, ఈజిప్టు సైన్యంలో ఇంజినీరుగా పనిచేసిన ముహమ్మద్ సాదిక్ బే 1861లో మదీనాకు కెమెరా తీసుకువెళ్లారు. ఆయన వెళ్లింది దారులను, దూరాలను కొలిచి పటాలు గీసే పని మీద. ఆ పనితో పాటే మస్జిదె నబవీ ఛాయాచిత్రాలు తీశారు. 1880లో హజ్ యాత్రికుల బృందంతో వెళ్లి మక్కా ఛాయాచిత్రాలూ తీశారు. ఆ పవిత్ర నగరాల తొలి ఛాయాచిత్రాలుగా చరిత్రకారులు వాటినే పేర్కొంటారు. ఆ కాలంలో ఫోటో తీయడం అంటే గాజు పలక మీద అక్కడికక్కడే రసాయనం పూసి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, వెంటనే కడుక్కోవడం. ఎడారి ఎండలో, దుమ్ములో ఆ పని ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఆ కష్టం విలువ ఇప్పుడు తెలుస్తోంది. హరమ్ పక్కన కొండ మీద ఉస్మానియా టర్కీ పాలకుల కాలం నాటి అజ్యాద్ కోట ఉండేది. 2002లో దాన్ని కూల్చివేశారు, కొండనూ చదును చేశారు. ఆ చోటనే ఇప్పుడు ఆకాశాన్నంటే గడియారపు భవంతి ఉంది. నేటి హాజీకి ఆ కోట ఎలా ఉండేదో తెలియాలంటే పాత ఛాయాచిత్రాలే శరణ్యం.

దీన్ దయాళ్ నుంచి మూసీ వరద దాకా

మన హైదరాబాద్ ఈ విషయంలో అదృష్టం చేసుకున్న నగరం. మీరట్ సమీపంలోని సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివిన లాలా దీన్ దయాళ్‌ను ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా నియమించారు. ‘ముసవ్విర్ జంగ్’ అనే బిరుదు కూడా ఇచ్చారు. జైన కుటుంబంలో పుట్టిన వ్యక్తికి నిజాం ఇచ్చిన గౌరవం అది. సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో ఉండేది. పర్దా పాటించే మహిళల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా ‘జనానా స్టూడియో’ తెరిచారు. అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. మగవారికి ప్రవేశం లేని స్టూడియో నూట ముప్పై ఏళ్ల క్రితమే మన నగరంలో ఉందంటే నేటి తరానికి ఆశ్చర్యంగానే ఉంటుంది.

దీన్ దయాళ్ రాజభవనాలను, దర్బారులను మాత్రమే తీయలేదు. వీధులను, కోటలను, కరవు రోజుల్లో జనం పడిన బాధలను కూడా తీశారు. 1905లో ఆయన కన్నుమూసిన మూడేళ్లకు, 1908 సెప్టెంబర్ 28న మూసీ నది ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. తెగిన వంతెనలు, నేలమట్టమైన బస్తీలు ఆనాటి ఛాయాచిత్రాల్లో నేటికీ కనిపిస్తాయి. ఆ విపత్తు తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వెలిశాయి.

ఆ వరద రోజున ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉంది. ఆస్పత్రికి వచ్చేవారిలో చాలామంది దాని కిందే కూర్చుంటారు, అక్కడే అన్నం తింటారు. అది ఏ చెట్టో తెలిసినవారు తక్కువ. హైదరాబాద్ వెళ్లినప్పుడు తప్పక ఫోటో తీయదగిన ఊరి గుర్తుల్లో మేమైతే ఈ చెట్టును ముందు వరసలో పెడతాం. అదే వరద బాద్షాహీ ఆషూర్‌ఖానా లోపలికీ వచ్చింది. కుతుబ్ షాహీల కాలం నాటి రంగురంగుల పలకలు గోడ కింది భాగంలో ఊడిపోగా, ఆ చోట తర్వాత రంగులతో బొమ్మలు వేశారు. ఆ గోడను దగ్గరగా ఫోటో తీస్తే నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ తేడాయే చెబుతుంది.

గడియారాల వెంట ఒక రోజు

‘ఎక్కడి నుంచి మొదలు పెట్టాలి?’ అని కొత్తవారు అడుగుతుంటారు. ఏదో ఒక వస్తువును పట్టుకుని దాని వెంట నడవడం మంచి పద్ధతి. హైదరాబాద్‌లో గడియారాల వెంట నడవవచ్చు.

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌కు నాలుగు వైపులా ఉన్న గడియారాలు కట్టడమంత పాతవి కావు. వాటిని 1889లో అమర్చారు. అక్కడి నుంచి లాడ్ బజార్ గుండా నాలుగు అడుగులు వేస్తే మహబూబ్ చౌక్‌లో 1892 నాటి గడియార స్తంభం కనిపిస్తుంది. కోళ్లు, పక్షులు అమ్మే ఆ చౌరస్తాను జనం ముర్గీ చౌక్ అంటారు. మూసీ దాటి మొజంజాహీ మార్కెట్‌కు వస్తే 1935 నాటి రాతి కట్టడం మీద గడియారం ఉంది. ఎన్నో ఏళ్లు మాసిపోయి ఉన్న ఈ మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. బాగుచేయక ముందు తీసిన ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే దాన్నీ, ఇప్పటి ఫోటోనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక కట్టడాన్ని శ్రద్ధగా చూసుకుంటే ఎలా ఉంటుందో పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి పాఠం లేదు. సుల్తాన్ బజార్‌లో 1865 నాటి గడియార స్తంభం, సికింద్రాబాద్‌లో 1897 నాటి గడియార స్తంభం కలుపుకుంటే ఒక రోజు ప్రయాణం పూర్తవుతుంది.

గడియారాన్ని ఫోటో తీసేటప్పుడు మీ చేతి గడియారంలో సమయం కూడా రాసుకోండి. ఏది నడుస్తోందో, ఏది ఆగిపోయిందో ఆ ఫోటోయే చెబుతుంది. చార్మినార్ నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులను చూస్తాయి. ఉదయం తూర్పు ముఖం మీద, సాయంత్రం పడమటి ముఖం మీద వెలుతురు బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో సున్నపు నగిషీ పని కంటికి ఆనదు. ఫజర్ నమాజు తర్వాతి గంట అన్నిటికంటే మేలు. జనం తక్కువ, వెలుతురు మెత్తన, దుకాణాల ముందు పరదాలు కూడా ఉండవు.

నంబరు ప్లేటు మీద ‘జెడ్’

వాహనాల సంగతికి వస్తే, మన రోడ్ల మీద రోజూ కనిపించే ఒక వింతను చాలామంది గమనించరు. ఆర్టీసీ బస్సు నంబరు ప్లేటు మీద కనిపించే ఆంగ్ల అక్షరం ‘జెడ్’ అది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం మొదలైంది. అప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు ఈ బస్సుల మీద ఉండాలని కోరగా, ఆమె పేరులోని తొలి అక్షరం ‘జెడ్’ను నంబరులో చేర్చారని నగరంలో పెద్దలు చెబుతారు. రాజ్యం పోయింది, రాష్ట్రాల పేర్లు మారాయి, సంస్థ పేరు మారింది. అక్షరం మాత్రం బస్సుతో పాటు ఊరూరా తిరుగుతూనే ఉంది. తల్లి పట్ల ఒక కొడుకు చూపిన గౌరవానికి ఇంత విచిత్రమైన గుర్తు మరెక్కడైనా ఉందా?

ఆ తొలి బస్సులు స్కాట్లాండ్‌లోని ఆల్బియన్ కంపెనీవి. 1942లో సనత్‌నగర్‌లో వెలిసిన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ తర్వాతి కాలంలో బస్సుల బాడీలు కట్టింది. అలాద్దీన్ కంపెనీ భాగస్వామ్యంతో మొదలైన ఆ కర్మాగారం పేరు మన ఇళ్లలో ఫ్రిజ్‌ల మీద, చేతి గడియారాల మీద కూడా ఉండేది. రెండంతస్తుల బస్సు అంటే నాటి పిల్లలకు పండగే. సికింద్రాబాద్ నుంచి జూపార్క్ వెళ్లే 7జెడ్ బస్సులో పైఅంతస్తు ముందు సీటు కోసం పోటీ పడిన తరం ఇప్పుడు తాతలైంది. ఆ బస్సులు ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో కనుమరుగయ్యాయి. 2023 ఫిబ్రవరిలో మూడు విద్యుత్తు డబుల్ డెక్కర్లు నగరానికి వచ్చాయి. కొత్తవి బాగానే ఉన్నాయి. పాతవాటి పైఅంతస్తు లోపల ఎలా ఉండేదో చూపించే ఫోటోలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పాతబస్తీ సందుల్లో తిరిగిన సెట్విన్ మినీ బస్సులదీ అదే కథ. అవి ఉన్నన్నాళ్లూ వాటిని తిట్టుకుంటూ ఎక్కాం. ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు.

రాజుల వాహనాలకు ఆ భయం లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ కారును అద్దాల వెనక భద్రంగా ఉంచారు. బహదూర్‌పురాలో కె. సుధాకర్ 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో బూటు, క్రికెట్ బంతి, వంకాయ ఆకారాల్లో నడిచే కార్లు ఉన్నాయి. పిల్లలను తీసుకువెళితే ఒక పూట సంబరంగా గడుస్తుంది. కానీ మ్యూజియంలోకి ఎన్నడూ చేరని వాహనాల సంగతే మనం ఆలోచించాలి. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. టాంగా కనిపించడం లేదు. రిక్షా ఉన్నదీ లేనట్టే. పెళ్లికూతురిని అత్తవారింటికి తీసుకువెళ్లిన రిక్షాలు, ప్రసవ వేదన పడుతున్న తల్లిని జచ్చాఖానాకు చేర్చిన రిక్షాలు ఏ మ్యూజియం తలుపూ తట్టలేదు.

‘నన్ను వద్దు, బండిని తీయండి’

కొన్నేళ్ల క్రితం శాలిబండ దగ్గర ఒక పాత సైకిల్ రిక్షాను ఫోటో తీయడానికి మేము ఆగాం. తొక్కే పెద్దాయన సీటు మీద పడుకుని ఉన్నారు. సలాం చెప్పి, ఫోటో తీసుకోవచ్చా అని అడిగాం. ఆయన లేచి కూర్చుని, కాసేపు మమ్మల్ని పరిశీలనగా చూశారు. ‘వచ్చినవాళ్లంతా నేను నిద్రపోతున్నప్పుడో, ఎక్కువ బరువు తొక్కుతున్నప్పుడో తీసుకుపోతారు. నా ఫోటో వద్దు సాబ్. వెనక రేకు మీద నెమలి ఉంది. అది మా మామూ చేత్తో వేసింది. తీస్తే అది తీయండి’ అన్నారు.

బండి వెనక్కి వెళ్లి చూశాం. ఎరుపు, ఆకుపచ్చ రంగులు సగం రాలిపోయాయి. అయినా పురి విప్పిన నెమలి కనిపిస్తూనే ఉంది. కింద ఒక మూల ఉర్దూలో చిన్నగా పేరు కూడా ఉంది. పెద్దాయన తన తువ్వాలుతో రేకు తుడిచి, బండిని నీడలోంచి వెలుగులోకి తిప్పి నిలబెట్టారు. ఫోటో తీశాక, ఆ బొమ్మలు వేసేవారు అప్పట్లో ఎక్కడ కూర్చునేవారో, ఒక్కో రిక్షాకు ఎన్ని రోజులు పట్టేదో చెప్పారు. మరుసటి నెల ప్రింటు తీసుకువెళ్లి ఇచ్చాం. దాన్ని ఆయన పాలిథిన్ కవరులో పెట్టి, సీటు కింద దాచుకున్నారు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, దారి పక్కన మనకు వింతగా కనిపించేది ఎవరో ఒకరి బతుకుతెరువు అయి ఉంటుంది. ఏది చూపించుకోవాలో, ఏది వద్దో చెప్పే హక్కు వారికి ఉంటుంది. అడిగితే చాలాసార్లు మనం అనుకున్నదానికంటే మంచి ఫోటోయే దొరుకుతుంది.

రంగు మారినా సాక్ష్యమే

ఈ అలవాటుకు హైదరాబాదే కానక్కర లేదు. గుంటూరు మహాత్మాగాంధీ రోడ్డులో 1940ల నాటి జిన్నా టవర్ ఉంది. పేరు మార్చాలన్న డిమాండ్లు, వద్దన్న వాదనలు చెలరేగిన తర్వాత 2022 ఫిబ్రవరిలో ఆ స్తంభానికి జాతీయ పతాక రంగులు వేశారు. ఆ వాదనల్లో ఎవరు ఏ పక్షాన ఉన్నా, రంగు వేయకముందు తీసిన ఫోటో, వేసిన తర్వాత తీసిన ఫోటో రెండూ ఆ ఊరి చరిత్రే. తేదీ రాసి ఉంటే వాటి విలువ రెట్టింపు.

రాజమండ్రి వద్ద గోదావరి మీద 1900లో మొదలైన హేవ్‌లాక్ వంతెన 1997లో రైళ్ల రాకపోకల నుంచి విశ్రాంతి తీసుకుంది. రైలు కిటికీలోంచి దాన్ని ఫోటో తీసేవారు ఎందరో. విశాఖ సముద్ర తీరంలో 2001లో నౌకాదళం నుంచి విరమించిన కురుసుర జలాంతర్గామి ఇసుక మీద నిలిచి ఉంది. కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఉంది. ఇవన్నీ అందరూ తీసేవే. వాటిని తీసిన తర్వాత ఒక్కసారి వెనక్కి తిరిగి, వాటి ఎదురుగా ఏముందో అది కూడా తీయమని మా సలహా. బురుజు ఎదుట టీ బండి, వంతెన పక్క పడవల రేవు, తీరంలో పల్లీలు వేయించే బండి. పదేళ్లకు మారిపోయేవి అవే.

కుటుంబం అంతా వరుసగా నిలబడి దిగే ఫోటోలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. పాత ఆల్బంలో మామయ్య పెళ్లినాటి ఫోటో తీసి చూడండి. మనుషులను గుర్తుపట్టడం అయిపోయాక కళ్లు వాటంతట అవే వెనక ఉన్న వీధి మీదికి పోతాయి. ఆ స్కూటర్ ఎవరిది, ఆ హోటల్ ఇప్పుడు ఉందా, ఆ వేపచెట్టు ఎప్పుడు కొట్టేశారు అని ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటారు.

రోడ్డు వెడల్పు అయ్యేలోగా

ఇప్పుడు ఈ విషయం మాట్లాడుకోవడానికి ఒక కారణం ఉంది. పాతబస్తీ మెట్రో మార్గం కోసం 2025 జనవరిలో దారుల్‌షిఫా నుంచి చాంద్రాయణగుట్ట వైపు దారిలో కట్టడాల కూల్చివేత మొదలైంది. పాతబస్తీకి మెట్రో రావాలని అక్కడి జనమే ఏళ్ల తరబడి అడిగారు. రోగిని ఆస్పత్రికి, పిల్లలను కాలేజీకి తొందరగా చేర్చే బండిని ఎవరు కాదంటారు? పేరున్న కట్టడాలకు చట్టం ఉంది, వాటి కోసం కోర్టుకు వెళ్లేవారున్నారు. 2019లో ఇర్రమ్ మంజిల్ కూల్చివేతను హైకోర్టు అడ్డుకున్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కానీ మూడు తరాలుగా నడిచిన ఒక అత్తరు దుకాణానికి, చెక్క బాల్కనీ ఉన్న ఒక మామూలు ఇంటికి అలాంటి అండ లేదు. నష్టపరిహారం చెక్కు వస్తుంది, జేసీబీ వస్తుంది, సాయంత్రానికి ఆకాశం కనిపిస్తుంది. అలాంటి ఇంటికి మిగిలేది ఎవరైనా తీసిన ఫోటో ఒక్కటే.

దుకాణాల బోర్డుల సంగతీ అంతే. పెళ్లి శుభలేఖలకు పేరుపొందిన ఛత్తా బజార్‌లో ఒకప్పుడు కాతిబ్‌లు కలంతో ఉర్దూ రాసేవారు. 1994లో ఇన్‌పేజ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చాక ఆ చేతులకు పని తగ్గిపోయింది. చేతి రాత బోర్డులు ఒక్కొక్కటిగా పోయి, వాటి స్థానంలో ఫ్లెక్సీలు వచ్చాయి. పాతబస్తీలోనే కాదు, కర్నూలులోనూ, కడపలోనూ, నిజామాబాద్‌లోనూ అలాంటి బోర్డులు ఇంకా అక్కడక్కడా మిగిలాయి. మీ ఊళ్లో ఒక్కటైనా ఉంటే ఈ వారమే వెళ్లి ఫోటో తీయండి.

మర్యాద, చట్టం

కొందరు పెద్దలకు ఫోటో అంటే సంకోచం. ప్రాణుల చిత్రాల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్న మాట నిజమే. కట్టడాలు, చెట్లు, బండ్లు వంటివాటికి ఆ చర్చ వర్తించదు. కాబట్టి సంకోచం ఉన్నవారికి కూడా ఈ మార్గం తెరిచే ఉంది.

మస్జిదులో, దర్గాలో కెమెరా తీసే ముందు ముతవల్లీనో, ఖాదిమ్‌నో అడగాలి. నమాజు చేస్తున్నవారి ఎదుటికి వెళ్లి ఫోటో తీయడం సభ్యత కాదు. మహిళలను, పిల్లలను వారి అనుమతి, పెద్దల అనుమతి లేకుండా తీయకూడదు. ఆస్పత్రి ఆవరణలో చెట్టును తీసేటప్పుడు దాని కింద కూర్చున్న రోగులు అందులో పడకుండా చూసుకోవాలి. ప్రింటు ఇస్తామని మాట ఇస్తే తప్పక ఇవ్వాలి. వాగ్దానం వాగ్దానమే.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. చార్మినార్, గోల్కొండ వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి కట్టడాల్లో ఫోటోలు తీయడంపై ఉన్న ఆంక్షలను 2018 జులైలో దాదాపు అన్నిచోట్లా తొలగించారు. అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ లోపలి సమాధి గది మాత్రం మినహాయింపు. విమానాశ్రయాలు, సైనిక ప్రాంతాలు, ఆనకట్టల దగ్గర బోర్డు చూసి నడుచుకోవాలి. సందేహం ఉంటే కెమెరా సంచిలోనే ఉంచడం మంచిది. కదులుతున్న రైలు తలుపు దగ్గర, వాహనాలు తిరిగే రోడ్డు మధ్యలో నిలబడి తీసే ఫోటో ఎంత గొప్పదైనా ప్రాణం కంటే గొప్పది కాదు.

దాచుకునే పద్ధతి

తీయడం సగం పని, దాచడం సగం పని. ప్రింటు వెనక మెత్తని పెన్సిల్‌తో ఊరు, వీధి, తేదీ, ఏ దిక్కుకు తిరిగి తీశారో రాయండి. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే ముందు వైపు గీతలు తేలుతాయి. జిగురు పేజీల ఆల్బంలు చూడటానికి అందంగా ఉన్నా కొన్నేళ్లకు ఫోటోకు అంటుకుపోయి పసుపు మరకలు చేస్తాయి. మూలలు మాత్రమే పట్టే మామూలు కాగితపు ఆల్బం మేలు. నెగెటివ్‌లు ఉంటే పారేయవద్దు. వాటిని, కెమెరా కటకాలను తేమ తగలని చోట ఉంచాలి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లం పక్కన పెడితే బూజు పట్టదు.

ఫోనులో తీసేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫోను పోతే పదేళ్ల ఫోటోలు ఒక్క నిమిషంలో పోతాయి. వాటిని రెండు వేర్వేరు చోట్ల దాచండి. వాట్సాప్‌లో పంపిన ఫోటోలో నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. కాబట్టి అసలు ఫోటోను తీసేయవద్దు. ఏడాదికి పది ఫోటోలైనా ఏరి ప్రింటు వేయించండి. ఒకే చోటును ఏటా అదే మూల నుంచి తీస్తే పదేళ్లకు ఆ వీధి జీవిత చరిత్ర తయారవుతుంది.

సెలవులకు పిల్లలను నానమ్మ ఊరికో, అమ్మమ్మ ఊరికో తీసుకువెళ్లినప్పుడు వారికి ఒక చిన్న పని అప్పగించండి. ఆ ఊళ్లో అన్నిటికంటే పాత కట్టడం ఒకటి, పాత బండి ఒకటి, చూడగానే నవ్వు తెప్పించే వింత ఒకటి, మొత్తం మూడే ఫోటోలు తీయమనండి. ఆ మూడింటి గురించి ఊరి పెద్దల్లో ఒకరిని అడిగి, తెలిసింది నాలుగు వాక్యాల్లో నోటు పుస్తకంలో రాయమనండి. ఫోటో తీయడానికి పట్టేది ఒక్క క్షణం. కానీ ఆ నాలుగు వాక్యాలు చెప్పే పెద్దలు వచ్చే సెలవులకు ఉంటారో ఉండరో. ముందు వారి దగ్గర కూర్చోమని పిల్లలకు చెప్పండి.